నలభై మంది పాడి విద్యార్థులు

మా స్కూల్లో ముప్పై సేవా గంటలు పూర్తి చెయ్యకపోతే పదో తరగతి హాల్‌టికెట్ చేతికివ్వరు. ఈ ఒక్క సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగిందేదీ ఎవరికీ వింతగా అనిపించదు.

సేవ అంటే ఏదిబడితే అది కాదు. బస్సులో పెద్దాయనకి సీటిస్తే సేవ కాదు, ఆయన ఫారం మీద సంతకం పెట్టకుండానే దిగిపోతాడు. ఇంట్లో అమ్మకి గిన్నెలు తోమిపెట్టినా సేవ కాదు, అమ్మ లబ్ధిదారుల జాబితాలో లేదు. సేవకి లబ్ధిదారు ఉండాలి, ఆ లబ్ధిదారు మన బడి యూనిఫారం చూసి కొంచెమైనా బెదరాలి, సేవకి ముందోసారి, తర్వాతోసారి తన మనసెలా ఉందో ఫారంలో నింపాలి, కింద సంతకమో వేలిముద్రో వెయ్యాలి. ఇదంతా అయ్యాక మేం ఇరవై నిమిషాలు రిఫ్లెక్షన్ చెయ్యాలి. రిఫ్లెక్షన్ అంటే కళ్లు మూసుకుని మనం ఎంత మంచివాళ్లమో తల్చుకోవడం. ఆ ఇరవై నిమిషాలూ గది తలుపుకి ఎర్రక్షరాల అట్ట వేలాడుతుంది, "రిఫ్లెక్షన్ జరుగుతోంది, నిశ్శబ్దం" అని. ఆ అట్ట ఉండగా ఎవరు నోరు విప్పినా ఒక గంట కోత. డైరెక్టర్ మేడమ్ కూడా ఓసారి ఆ అట్ట చూసి ఫోన్ కట్ చేసి మునివేళ్ల మీద వెళ్లిపోయారు.

ఈ పద్ధతిని మేడమే కొండ మీద మూడ్రోజుల సదస్సుకి వెళ్లి తెచ్చారు. అంతకుముందు ఏడు ఇంకో సదస్సు నుంచి "నవ్వు ద్వారా గణితం" తెచ్చారు. అందులో గణితం పోయి నవ్వొక్కటే మిగిలింది.

జనవరి వచ్చేసరికి సిటీలో లబ్ధిదారులు అయిపోయారు. మిగతా స్కూళ్లు కూడా అదే సదస్సుకి వెళ్లొచ్చాయి మరి. అనాథాశ్రమాల్లో టోకెన్లు పెట్టారు. ఒక చోట పిల్లలు, ఈ వారం నోటుపుస్తకాలు నాలుగుసార్లు తీసుకున్నాం, ఇంక చేతులు నొప్పెడుతున్నాయన్నారట. అప్పుడే మేడమ్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఏటా క్వయర్ టూర్ ఉండనే ఉంది. ఆ టూర్‌ని పల్లెకి తిప్పితే, పాటకి పాటా, సేవకి సేవా.

క్వయర్‌లో నేనూ ఉన్నాను. నా గొంతు ఎలాంటిదో ఎనిమిదో తరగతిలోనే ప్రణీత్ సర్‌కి తెలిసిపోయింది. ఆయన క్వయర్ మాస్టరూ, సేవా కోఆర్డినేటరూ రెండూను. నలభై మంది గాయకులని బ్రోషర్‌లో అచ్చయిపోవడం వల్ల నన్ను తీసెయ్యలేదు, పెదాల విభాగంలో వేశారు. పెదాల విభాగమంటే నేనొక్కదాన్నే. అందరితోపాటు నోరు తెరవాలి, మూయాలి, ముఖంలో భావం పెట్టాలి, శబ్దం మాత్రం రాకూడదు. శబ్దం పని లేదు కాబట్టి ఫారాల ఫైలు మొయ్యడం కూడా నాకే ఇచ్చారు.

పల్లెలో పాడాలంటే జిల్లా ఆఫీసు అనుమతి కావాలి, దరఖాస్తు తెలుగులో ఉండాలి. మా స్కూల్లో ఫ్రెంచ్ వచ్చినవాళ్లు అరవై మంది ఉన్నారు. తెలుగులో దరఖాస్తు రాయగలిగినవాడు గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింహులు ఒక్కడే. అతన్ని అడగడం స్థాయికి తగదని ప్రణీత్ సర్ తనే కూర్చుని రాశారు. "మా నలభై మంది విద్యార్థులు పాడి సేవ చేయగోరుచున్నారు. పాడి గ్రామీణులను ఆనందింపజేయుట మా ధ్యేయము."

పది రోజుల్లో జవాబొచ్చింది. పశువుల శాఖ నుంచి. "మీ విద్యార్థుల పాడి ఆసక్తి హర్షణీయము. సదరు సేవ నిమిత్తం పాడిపశువులు గల బొమ్మలబావి గ్రామమును ఐదు దినములకు కేటాయించడమైనది. విద్యార్థులు మోకాలి బూట్లతో హాజరు కావలెను."

ఆ కాగితం స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారి మారి చివరికి నర్సింహులు దగ్గరికి వచ్చింది. అతను చదివి, తల గోక్కుని, "సార్, పాడంటే పాట గాదు. బర్లు, పాలు. మీరు బర్లకు సేవ జేస్తమని రాసిన్రు" అన్నాడు.

తప్పు దిద్దుకుందామని ప్రణీత్ సర్ మేడమ్ దగ్గరికి పరిగెత్తారు. అప్పటికే బ్లేజర్లు కుట్టించేశారు, తల్లిదండ్రులకి మెసేజ్ వెళ్లిపోయింది. మేడమ్ కిటికీలోంచి కాసేపు చూసి, కమ్యూనిటీ అంటే మనుషులే అని ఎవరన్నారు, గేదె కమ్యూనిటీలో లేదా అని అడిగారు. లేదని చెప్పే ధైర్యం ప్రణీత్ సర్‌కి లేదు. "దరఖాస్తులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు ప్రణీత్. అర్థం మారితే మనం మారాలి. దాన్నే ఎదుగుదల అంటారు."

అలా నలభై మందిమి నీలం బ్లేజర్లు, మోకాలి బూట్లు వేసుకుని, ఒక కీబోర్డు, రెండు స్పీకర్ పెట్టెలు పట్టుకుని బొమ్మలబావిలో దిగాం.

ఊరి మొదట్లో పశువుల శాఖ పురుషోత్తం గారు పూలదండలతో నిలబడి ఉన్నారు. వెనక నలభై బకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. మేం దిగి వరసగా నిలబడి స్వాగతగీతం అందుకోగానే ఆయన దండ పట్టుకున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పాట అయ్యాక ప్రణీత్ సర్‌ని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడారు, ఆర్డరు తీసి రెండుసార్లు చదివారు, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. తర్వాత ఆయన ముఖం తేటపడింది. "ఆర్డరులో పాడి అని ఉన్నది. తమరు పాడుతున్నారు. కావున ఉల్లంఘన ఎక్కడా లేదు" అని దండ వేసేశారు. పై ఆఫీసుకి మాత్రం "సంగీతముచే పాల దిగుబడి, ప్రయోగాత్మక పథకము" అని రాసుకున్నారు. బకెట్లు వెనక్కి పంపించాలంటే ఇంకో ఆర్డరు కావాలట, అవి అక్కడే ఉండిపోయాయి.

మా స్వాగతగీతం ఊరంతా వినబడింది. అరగంటలో ఊళ్లో ఉన్న బర్రెలన్నీ చెరువు వైపు వెళ్లిపోయాయి. వాటంతట అవి వెళ్లలేదు, జనమే తోలుకుపోయారు. మిగిలింది ఒక్కటే, నుదుట తెల్ల మచ్చ ఉన్న బర్రె, పేరు సుక్క. దాని యజమానురాలు రామనర్సమ్మకి మోకాళ్ల నొప్పి, చెరువు దాకా నడవలేక ఇంటి వెనక కొట్టంలోనే కట్టేసి మేపుకుంటుంది.

ప్రణీత్ సర్ ఆమె ముందు చేతులు జోడించి, మీ జీవితంలో వెలుగు నింపడానికి వచ్చామన్నారు. రామనర్సమ్మ ఆయన్నీ బ్లేజర్లనీ మార్చి మార్చి చూసింది. "పోయినేడే మీటరు పెట్టిన్రు గద సారూ" అంది.

పురుషోత్తం గారు సైగ చెయ్యడంతో ఆమె ఇంకేం అనలేదు. సూది మందులన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. లబ్ధిదారు ఎవరు? శాఖ లెక్కన పశువుకి యజమాని. స్కూలు లెక్కన పాట ఎవరు వింటే వాళ్లు. ప్రణీత్ సర్, పురుషోత్తం గారు చాపేసుకుని గంటన్నర చర్చించి, సుక్కను ప్రధాన లబ్ధిదారుగా, రామనర్సమ్మను సంరక్షకురాలిగా తీర్మానించారు. అంటే ఫారాలన్నీ సుక్క నింపాలి. మొదటి ప్రశ్న, "మీరు ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుందా?" తోక ఎడమ వైపు ఊగితే అవును, కుడి వైపు ఊగితే కాదు. రోజుకి ఆరు గంటల సేవ, నలభై మందికి నలభై ఫారాలు, కింద గిట్టముద్ర. స్టాంపు ప్యాడ్‌లో గిట్ట పట్టలేదు కాబట్టి తాంబాళంలో నీలిమందు కలిపారు. మొదటి సాయంత్రానికి సుక్క ముందుకాలు మా బ్లేజర్ రంగులోకి వచ్చేసింది.

లబ్ధిదారు కదలకుండా ఎక్కువసేపు నిలబడేది పాలు పిండే వేళల్లోనే అని ప్రణీత్ సర్ గమనించి, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పెట్టారు. మొదటి సాయంత్రం నాలుగు శ్రుతుల్లో మా స్కూలు గీతంతో మొదలెట్టాం. సుక్క చెవులు రెండూ కర్రల్లా నిలబడ్డాయి. రామనర్సమ్మ పొదుగు కడిగి, పాల సర్వ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. లాగింది. మళ్లీ లాగింది. చుక్క రాలేదు. ఆమె మా వైపు చూడలేదు, ఖాళీ సర్వ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దునా అంతే. ఆ సాయంత్రమూ అంతే.

రోజుకి ఆరు లీటర్లిచ్చే బర్రె. ఆరు నుంచి సున్నాకి వచ్చిందేమిటని ప్రణీత్ సర్ కొంచెం కంగారుపడ్డారు. పురుషోత్తం గారు ఆయన భుజం తట్టారు. "ఆరు ఆరుగానే ఉంటే పథకము పనిచేయలేదని అర్థము. సున్నా వచ్చింది కదా. ఇది ఫలితమే."

వీడియో కాల్‌లో మేడమ్ సుక్కను పరీక్షగా చూసి, లోపల ఏదో బాధ అణచుకుంటోందని కనిపెట్టారు. దానికి మందు పాటేనట, మోతాదు పెంచమన్నారు. మూడో రోజు పొద్దున్నుంచి స్పీకర్ పెట్టెలు కొట్టంలోకి వచ్చాయి, ఒకటి తల దగ్గర, ఒకటి తోక దగ్గర. ఆ పొద్దున కూడా సర్వ ఖాళీయే.

మిగతావాళ్లు టిఫినుకి వెళ్లాక నేను ఫారాలు ఏరుకుంటున్నాను. రామనర్సమ్మ సుక్క పొదుగుకి వేణ్ణీళ్ల గుడ్డ అద్దుతోంది. పొదుగు రాయిలా బిగిసిపోయి ఉంది, ముట్టుకుంటే కాలు జాడిస్తోంది. ఆమె వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"నీ పేరేంది బిడ్డా?"

హిమజ అని చెప్పాను.

"నీ నోరు కదుల్తది గని సప్పుడు రాదు. మొదటి దినమే జూసిన."

మా స్కూల్లో తల్లిదండ్రులు మూడేళ్లుగా ముందు వరసలో కూర్చుని కూడా కనిపెట్టని సంగతది. ఆమెకి మాట్లాడ్డానికి మనిషి దొరికినట్టుంది, చేత్తో పని చేసుకుంటూనే అంతా చెప్పింది. రెండు నెలల కింద సుక్క దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె పాలు చేపదు, అంటే పొదుగులోకి వదలదు. ఎక్కడివక్కడ బిగబట్టేసుకుంటుంది. దాణా పెట్టినా, గోకినా, బతిమాలినా వినలేదు. ఆఖరికి ఒకరోజు రామనర్సమ్మ ఏదో తోచక దాని డొక్కకి తల ఆనించి సన్నగా కూనిరాగం తీసిందట, అది చేపింది. ఆ రోజు నుంచి రెండు పూటలా ఆమె గొంతు, ఆ ఒక్క రాగం, చుట్టూ ఇంకో అలికిడి ఉండకూడదు. అంటే సంగీతంతో పాలు పిండే పథకం ఈ కొట్టంలో రెండు నెలలుగా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి మేం నలభై మందిమి బస్సులో వచ్చాం.

"మల్ల ఇయ్యాల గూడ చేపకపోతే వట్టిపోతది. వట్టిపోయిన బర్రెను ఏం జేస్తరో తెల్సా? అంగడికి తోల్తరు. ఆడికెళ్లి యాడికి పోతదో నీకు జెప్పబన్లే." గుడ్డ పిండి మళ్లీ అద్దింది. "సప్పుడు జెయ్యొద్దని మీ సారుకు జెప్పిన. సప్పుడు గాదమ్మా, సేవ అన్నడు."

ప్రణీత్ సర్‌కి చెప్పి చూశాను. సుక్క గంటలు ఆగితే నలభై మంది హాల్‌టికెట్లు ఆగుతాయని, ఒక బర్రె కోసం నలభై భవిష్యత్తులు బలిపెట్టమంటావా హిమజా అని అడిగారు. అసలు బాధలో ఉన్న లబ్ధిదారు దొరకడం అదృష్టం అని కూడా అన్నారు. పురుషోత్తం గారు నా మాట విని, యజమానురాలు పాట రూపంలో అనధికారికంగా సేవ చేస్తున్నట్టయితే అందుకు అనుమతి ఉన్నదా అని ఆరా తీశారు. నేను నోరు మూసుకుని వచ్చేశాను, అది నాకు అలవాటే.

సాయంత్రం ఐదున్నరకి సేవ. ఐదుంబావుకి నేను ఫైలు పట్టుకుని కొట్టానికి వెళ్లాను. ఫైలు అడుగున మా ఎర్రక్షరాల రిఫ్లెక్షన్ అట్ట ఉంది. దాన్ని తీసి కొట్టం తలుపుకి తగిలించి, దాని ముందు కళ్లు దించుకుని నిలబడ్డాను. లోపల రామనర్సమ్మ సర్వ కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

క్వయర్ వచ్చింది. ముందు కీబోర్డు, వెనక ప్రణీత్ సర్. ఆయన పాట అందుకోమని చెయ్యెత్తారు, అట్ట చూశారు, చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎవరి రిఫ్లెక్షన్ అని పెదాలతో అడిగారు. నేను కూడా పెదాలతోనే చెప్పాను, అందులో నాకు మూడేళ్ల అనుభవం ఉంది. లబ్ధిదారుది.

ఆయన రూల్‌బుక్కు తెరిచారు. రిఫ్లెక్షన్‌కి అంతరాయం కలిగించరాదని ఉంది. లబ్ధిదారు రిఫ్లెక్షన్ చెయ్యరాదని ఎక్కడా లేదు. రెండు పేజీలు వెనక్కి తిప్పి చూశారు, మూడు పేజీలు ముందుకి తిప్పి చూశారు. తర్వాత నలభై మందిమి, అంటే ముప్పై తొమ్మిది మందీ నేనూ, కొట్టం బయట బూట్లు చప్పుడు కాకుండా నిలబడిపోయాం.

లోపల కూనిరాగం మొదలైంది. మాటల్లేవు. రెండే స్వరాలు, మధ్యలో ఒక ఊపిరి. మా క్వయర్‌లో అయితే ఆ గొంతుని నా విభాగంలోనే వేసేవాళ్లు. చాలాసేపు అదొక్కటే వినిపించింది. ఇంకాసేపటికి కాలు జాడించిన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. రాగం ఆగలేదు. అప్పుడు సర్వ అడుగున సన్నగా ఒక చార పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత చారలు ఆగలేదు, ఖాళీ చప్పుడు పోయి నురగ చప్పుడు వచ్చేసింది.

మిగిలిన రెండు రోజులూ లబ్ధిదారు రెండు పూటలా చాలా గాఢంగా రిఫ్లెక్షన్ చేసింది. ఆ టైములు అయ్యాక మేం ఊరి మొదట్లో ఖాళీ బకెట్ల ముందు పాడి గంటలు పూర్తి చేసుకున్నాం. బకెట్లు కూడా శాఖవే కాబట్టి పురుషోత్తం గారు అభ్యంతరం చెప్పలేదు.

ఆఖరి రోజుకి సుక్క నాలుగు లీటర్ల దాకా వచ్చింది. నివేదికలో మొదటి ఆరు లీటర్ల ముచ్చట పెట్టలేదు, అది పథకానికి ముందు కాలానిది. సున్నా నుంచి నాలుగు. సున్నా మీద నాలుగు ఎంత శాతం అవుతుందో ప్రణీత్ సర్ ఫోన్లో లెక్కవేస్తే ఫోను లెక్కకట్టలేనంది. అందుకని "అనంత శాతం వృద్ధి" అని రాశారు. నవ్వు ద్వారా గణితం నేర్పింది కూడా ఆయనే.

వెళ్లేముందు సంరక్షకురాలి మాట కావాలని ప్రణీత్ సర్ ఫోన్ కెమెరా ఆన్ చేసి రామనర్సమ్మ ముందు పెట్టారు. మా సేవ గురించి ఒక్క మాట చెప్పండి ఆంటీ అన్నారు. ఆమె బ్లేజర్లన్నిటినీ ఒకసారి చూసింది, సుక్క నీలం కాలు చూసింది.

"పాడి పాడు జేసిన్రు. ఇగ పోండ్రి."

ఆయన కళ్లు చెమర్చాయి. బస్సెక్కుతుంటే ఆమె నా బ్లేజర్ చెయ్యి పట్టుకుని ఆపింది. "గా అట్ట నాకిచ్చి పో బిడ్డా" అంది. ఇచ్చేశాను. స్కూలు ఆస్తి పోగొట్టినందుకు నాకు అరగంట కోశారు. రిఫ్లెక్షన్‌లో పెదాలు కదిపినందుకు ఇంకో అరగంట. ఇరవై తొమ్మిది గంటల దగ్గర నా హాల్‌టికెట్ ఆగిపోయింది.

వారంలో స్కూలు గేటు మీద ఇరవై అడుగుల బ్యానర్ లేచింది. మేడమ్ ఆ వీడియో చూసి మురిసిపోయి, "ఇగ పోండ్రి" తీసేయించి, మిగతాది బంగారు అక్షరాల్లో వేయించారు. పాడి, పాడు, రెండూ పాడటమే కదా, పైగా ప్రాస కూడా కుదిరిందన్నారు.

"పాడి పాడు జేసిన్రు"
— లబ్ధిదారు, బొమ్మలబావి

బ్యానర్ కడుతూ నర్సింహులు నిచ్చెన మీదే నవ్వాడు. డ్యూటీలో ఉండగా నవ్వినందుకు అతనికి మెమో ఇచ్చారు. మెమో తెలుగులో లేకపోవడంతో దాన్ని అతను నా చేత చదివించుకున్నాడు, చదివాక మళ్లీ నవ్వాడు.

అనంత శాతం వృద్ధి గురించి మేడమ్ ఇంకో కొండ మీద ఇంకో సదస్సులో మాట్లాడారు. షీల్డు ఇచ్చారు. నెల తిరక్కుండానే రెండో టూర్ వేశారు, ఈసారి మా మిగతా మూడు బ్రాంచీల క్వయర్లు, నూట ఇరవై మంది, మూడు బస్సులు. ఒక గంట బాకీ ఉంది కాబట్టి నేనూ వెళ్లాను.

ఈసారి మేడమ్ కూడా వచ్చారు. ఊరి మొదట్లో పురుషోత్తం గారు, దండలు, పాత బకెట్లు. బర్రెలని చెరువుకి తోలలేదు, అన్నీ ఇళ్ల దగ్గరే ఉన్నాయని ఆయన సంతోషంగా చెప్పారు. ఊరు చైతన్యవంతమైందని మేడమ్ అన్నారు. పాలు పిండే వేళకి మొదటి వీధిలోకి నడిచాం.

మొదటి కొట్టం తలుపుకి అట్ట వేలాడుతోంది. మందుల డబ్బా చింపి చేసిన అట్ట, మీద ఎర్ర పెయింటుతో, "రిప్లెక్షను జరుగుతోంది, నిశ్శబ్దం." రెండో కొట్టానికీ ఉంది. మూడోది బిస్కెట్ పెట్టె అట్ట. వీధి చివరిదాకా, ఆ పక్క వీధిలోనూ, ఒక్క తలుపు ఖాళీ లేదు. రామనర్సమ్మ కొట్టానికి మాత్రం మా అసలు అట్ట ఉంది, తడవకుండా పైన పాలకవరు తొడిగి.

ప్రణీత్ సర్ మేడమ్ వైపు చూశారు. మేడమ్ అట్టల వైపు చూశారు. ఆ రూలు రాసింది ఆవిడే. ఫోన్ మోగబోతే కట్ చేశారు. పురుషోత్తం గారు ఏదో అనబోయి, నిశ్శబ్దం అన్న మాట చదివి, నోరు మూసుకున్నారు.

కానీ గంటలు నడుస్తున్నాయి. పాడకపోతే సేవ కాదు, పాడితే కోత. నూట ఇరవై హాల్‌టికెట్లు. మేడమ్ కళ్లతో నన్ను వెతికి, ప్రణీత్ సర్‌కి నన్ను చూపించి, వేలితో పెదాలు తట్టుకున్నారు. ఆయనకి అర్థమైంది. చెయ్యెత్తారు.

నూట ఇరవై మందీ ఒక్కసారి నోళ్లు తెరిచారు, మూశారు, ముఖాల్లో భావం పెట్టారు. ఒక్క చప్పుడు లేదు. ఊరు ఊరంతా ప్రతి కొట్టంలోనూ సర్వల్లో పాలు పడుతున్నాయి.